క్లిప్పు అంటే కౌగిలట

అరవై దాటాక మనిషిని బిత్తరపోయేలా చేసేవి ఏముంటాయి? మే నెలలో రామగుండం స్టేషన్లో ఇనుప బెంచీ మీద చూసుకోకుండా కూర్చోవడం ఒక్కటే అనుకునేదాన్ని. మొన్న ఎండాకాలం ఒకప్పటి మా పక్కింటి ఓదెలు కాకను చూడబోయి, ఆయన ఇంట్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే రెండుసార్లు అదిరిపడ్డాను. మొదటిసారి ఒక ఇంగ్లీషు మాటకు అర్థం విని. రెండోసారి మా బాపు గురించి ఒక సంగతి విని. మొదటిదానికి పగలబడి నవ్వాను. రెండోది విని ఇన్ని రోజులైనా, అన్నం కలుపుతూ కలుపుతూ మధ్యలో చెయ్యి ఆగిపోతోంది.

బాపు అంటే మా దగ్గర నాన్న. అవ్వ అంటే అమ్మ, కాక అంటే బాబాయి వరస. కోస్తా నుంచి వచ్చిన ఇంజనీర్ల పిల్లలతో 'మా అవ్వ కొట్టింది' అంటే, అంత ముసలామెకు అంత బలమెక్కడిదని ఆశ్చర్యపోయేవాళ్లు. బాపు గోదావరిఖనిలో బొగ్గుబాయి కార్మికుడు. భూమి లోపలికి దిగేవాడు. ఆయన పని క్లిప్పు పెట్టడం. లోపల బొగ్గు నింపిన ఇనుప డబ్బాలుంటాయి, వాటిని టబ్బులంటారు. వాలు దారి వెంట ఒక ఉక్కుతాడు నడిచే మనిషి వేగంతో, షిఫ్టంతా ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. నిండిన టబ్బును కదులుతున్న ఆ తాడుకు తగిలిస్తే పైకి పోతుంది. ఆ తగిలించే ఇనుప దవడే క్లిప్పు. తాడును దవడల మధ్యకు పట్టించి, మర తిప్పి బిగించి, చెయ్యి వెనక్కి తీసుకోవాలి. బిగింపు చాలకపోతే తాడు తన దారిన పైకి పోతుంది, టబ్బు తన దారిన కిందికి వస్తుంది. కింద మనుషులుంటారు.

ఆ మాట మా ఇంట్లోకి అక్షరాల కంటే ముందే వచ్చింది. అక్షరాలు ఆలస్యంగా వచ్చి తొందరగా వెళ్లిపోయాయి. ఏడో తరగతిలో నేను అవసరం లేదని బడి, బడి అవసరం లేదని నేను, ఇద్దరం మర్యాదగా విడిపోయాం. క్లిప్పు మాత్రం విడిచిపెట్టలేదు. జడకు పెట్టుకునేది క్లిప్పు, దండెం మీద బట్టలకు పెట్టేది క్లిప్పు, బాయి ఆఫీసులో గుమాస్తా కాగితాలకు గుచ్చేది క్లిప్పు. ఇంగ్లీషువాళ్లు మొదట మా బాపు చేతిలోని ఇనుమును చూసి పేరు పెట్టి, మిగిలిన ఆ పేరునే చిల్లరగా జడలకూ దండేలకూ పంచారని నా గట్టి నమ్మకం. బడిలో ఆ మాట చెప్పి పంతులు చేత మొట్టికాయ తిన్నాను కూడా.

పొద్దుటి షిఫ్టు దిగి బాపు ఇంటికి వచ్చేసరికి వాకిట్లో బొగ్గుపొయ్యి మీద నీళ్లు మరుగుతూ ఉండేవి. ముందు కళ్లు, పళ్లు వచ్చేవి, తర్వాత మనిషి వచ్చేవాడు. అవ్వ నీళ్లు తోడి, ఎర్ర సబ్బు తీసుకుని వీపు రుద్దేది. ఆ సబ్బు వాసన, తడిసిన బొగ్గుపొడి వాసన, పొయ్యిలోంచి లేచే పచ్చి పొగ వాసన కలిస్తే మా ఇంటి వాసన. తర్వాత భోజనం. జొన్నరొట్టె ఉన్నరోజు తుంచి ఇచ్చేది. అన్నం ఉన్నరోజు పచ్చిపులుసుతో కలిపి, ముద్దలు చేసి కంచం అంచున వరసగా పేర్చి పెట్టేది. బాపు ఒక్కో ముద్దనూ వంగి చూసి మరీ తీసుకునేవాడు. ఏది పట్టుకున్నా అంతే, చాయ్ గిలాస అయినా, లోటా అయినా, చేతినే చూస్తూ పట్టుకునేవాడు. వాడకట్టు ఆడవాళ్లు మా అవ్వను చూసి, 'కనకవ్వ మొగన్ని పసిపోరనిలెక్క సాకుతున్నది' అని మూతులు తిప్పేవాళ్లు. అవ్వ ఏమీ అనేది కాదు. ఆమె మౌనం మా ఇంట్లో ఒక ప్రత్యేకమైన సామాను, ఎవరూ ముట్టుకోకూడదు.

ఆయన కుడిచేతి వేళ్ల మీద నల్లటి మచ్చలుండేవి. నా చిన్నతనంలో ఒకసారి తాడుకూ క్లిప్పుకూ మధ్య చెయ్యి నలిగింది. దవాఖానలో కట్టు కట్టారు, మానింది. డాక్టరు పిడికిలి బిగించమన్నాడు, బాపు బిగించాడు, ఫిట్ అని రాశారు. మాకు తెలిసింది అంతే.

ఫిట్, అన్‌ఫిట్ అనే రెండు మాటల మీద మా కాలనీ బతుకంతా నడిచేది. పనికి పనికిరాడని డాక్టరు రాస్తే ఆ నౌకరి కొడుక్కు వస్తుంది. అందుకని వయసు మీద పడగానే మా దగ్గర మగవాళ్లకు దగ్గు పెరిగేది. ఇంట్లో చక్కగా నడిచేవాళ్లు దవాఖాన గేటు కనబడగానే కుంటేవాళ్లు. కొడుకులున్న తండ్రులు రోగం రావాలని మొక్కుకునేవాళ్లు. మా బాపు ఒక్కడే తుమ్ము వచ్చినా అటూ ఇటూ చూసి ఆపుకునేవాడు. మేమిద్దరం ఆడపిల్లలం, నేనూ మా చెల్లె సుజాతా. అల్లుడి పేరు మీద రాయిద్దామన్నా అల్లుడు పుట్టి ఏ ఊళ్లో గోలీలాడుతున్నాడో. బాపు అన్‌ఫిట్ అయితే నౌకరి పోతుంది, నౌకరితో పాటు కంపెనీ ఇచ్చిన ఇల్లు, కోటరు పోతుంది, ఊళ్లో వెనక్కి పోయి నిలబడడానికి చారెడు భూమి లేదు. ఈ సంగతి ఆ వయసులోనే నాకు తెలుసు. రోజూ వినేదాన్ని కాబట్టి తెలుసు.

ఇంకొకటి కూడా తెలుసు, తెలుసనుకున్నాను. బాపు సుజాతను ఎత్తుకోడు. నన్ను చిన్నప్పుడు భుజం మీద పెట్టుకుని కల్లు మండువ దాకా తిప్పేవాడని అందరూ చెప్పేవాళ్లు. సుజాత చేతులు చాస్తే మాత్రం ఆయన పక్కకు తిరిగి తువ్వాల దులుపుకునేవాడు. రెండోది కూడా ఆడపిల్ల అయిందని కోపమని వాడకట్టు తేల్చింది. నేనూ ఆ తీర్పు మీద సంతకం పెట్టాను.

ఒకరోజు మధ్యాహ్నం సుజాతకు జ్వరం ముదిరి ఫిట్స్ వచ్చాయి. అప్పటికి మూడేళ్ల పిల్ల. కళ్లు పైకి పోయాయి, పళ్లు గిట్టకరుచుకున్నాయి. అవ్వ నీళ్ల కోసం వీధి నల్లా దగ్గర ఉంది. మంచం పక్కన బాపు, గుమ్మంలో నేను. ఎత్తుకుని ఉరుకుతాడని చూశాను. ఆయన రెండు చేతులు ముందుకు చాచాడు, పిల్ల దాకా తెచ్చాడు, అక్కడే ఆపేశాడు. తర్వాత బయటికి ఉరికి, 'ఓదెలూ! ఓ ఓదెలూ!' అని అరిచాడు. పక్క కోటరులోంచి, బాపు జట్టులోనే పనిచేసే ఓదెలు కాక లుంగీ కట్టుకుంటూ వచ్చి, పిల్లను గుండెకు హత్తుకుని దవాఖానకు ఉరికాడు. మా బాపు వెనకాల ఉత్త చేతులతో ఉరికాడు. వాడకట్టంతా గుమ్మాల్లో నిలబడి చూసింది. కన్నబిడ్డ అట్లా కొట్టుకుంటుంటే తండ్రి చేతులు వెనక్కి తీసుకోవడం నేను కళ్లారా చూశాను. సుజాత బతికింది. ఆ మధ్యాహ్నం మాత్రం మా ఇంట్లో నుంచి పోలేదు.

ఏడుపు రానివాళ్లకు నవ్వు వస్తుంది, నా జబ్బు అది. 'మా బాపు టబ్బులనే పట్టుకుంటడు, మమ్ముల పట్టుకోడు, మాకు చక్రాలు లెవ్వు గద' అని నేను మొదలుపెడితే నల్లా దగ్గర బిందెలు పక్కన పెట్టి మరీ నవ్వేవాళ్లు. పెళ్లై పక్క కాలనీకి పోయినా, తర్వాత పత్రికలకు నవ్వు ముచ్చట్లు రాయడం మొదలుపెట్టినా, ఆ మాట నాతోనే వచ్చింది. బాపు పోయి చాలా కాలమైంది, అవ్వ కూడా పోయింది. ఆ మాటకు మాత్రం ఒంట్లో బాగానే ఉండేది, మొన్నటిదాకా.

మొన్న ఓదెలు కాకకు ఊపిరి ఆడడం లేదని తెలిసి చూడబోయాను. వెంట సుజాత కూతురు స్వప్న ఉంది. డిగ్రీలో ఇంగ్లీషు చదువుతోంది, సెలవులకు నా దగ్గరికి వచ్చింది. కాక తన కొడుకు ఇంట్లో కూలర్ ఎదురుగా మంచం మీద కూర్చుని ఉన్నాడు, చొక్కా లోపల మనిషి కంటే గాలి ఎక్కువ ఉంది.

"ఏందే రాజీ, ఓదెలు ఉన్నడో పోయిండో సూద్దామని అచ్చినవా?" అన్నాడు.

"పోతె కల్లు ఏ మండువల పోయిస్తరో అడుగుదామని అచ్చిన కాకా. ఏర్పాటు జేసినవా?"

"నీ అసుంటోళ్లు అస్తరనే పోతలేను."

కిటికీ కింద నీళ్ల డ్రమ్ము, దాని మూత మీద తుప్పు పట్టిన ఇనుప దవడ. స్వప్న అదేమిటని అడిగింది. "మీ తాత చేతి పనిముట్టు బిడ్డా. క్లిప్పు. పాత ఇనుములకెళ్లి తెచ్చుకున్న. కోతులు మూత తీస్తున్నయని పెట్టిన" అన్నాడు కాక. స్వప్న రెండు చేతులతో లేపబోయి అమ్మో అని దించేసింది. తన జుట్టుకున్న క్లిప్పును తీసి దాని పక్కన పెట్టి, ఇద్దరూ ఒకే ఇంటి పేరు వాళ్లా అన్నట్టు చూసి, ఫోను తెరిచింది. కాసేపటికి కిసుక్కున నవ్వింది.

"పెద్దమ్మా, దీని అర్థం చెప్తే నువ్వు కుర్చీల నుంచి పడ్తవ్."

"కుర్చీ కాకది, పర్వాలేదు చెప్పు."

వెయ్యేళ్ల కిందటి పాత ఇంగ్లీషులో క్లుప్పన్ అనే మాట ఉండేదట. రెండు చేతులూ చుట్టి మనిషిని దగ్గరికి తీసుకోవడం. అంటే కౌగిలించుకోవడం. మొదట మనిషిని మనిషి పట్టుకోవడమే క్లిప్పు. తర్వాత వస్తువును గట్టిగా చుట్టి పట్టుకునే ప్రతి కొక్కేనికీ ఆ పేరు పాకింది. రానురాను మనుషులు ఆ మాటను తమకు వాడుకోవడం మానేశారు, ఇనుముకు వదిలేశారు. "మరి పేపరు క్లిప్పింగు అంటరు, కత్తిరిచ్చుడు, గదేంది?" అని అడిగాను. నా చదువు మీద అనుమానం ఉన్నా నా నోటి మీద నాకు నమ్మకం. "గది వేరే పెద్దమ్మా. ఉత్తరం దిక్కు నుంచి సముద్రం దాటి అచ్చినోళ్ల మాట. వినేతందుకు ఒక్క తీర్గనే ఉంటది గని దీనికి దానికి చుట్టరికం లేదు" అంది స్వప్న. పేరు ఒకటే, గోత్రాలు వేరన్నమాట.

నేను నోరు తెరిచాను, మూయడం మరిచిపోయాను. మామ వస్తున్నాడంటే తలుపు వెనక్కి పోయే మా అవ్వ, నెత్తి మీద కొంగు జారనివ్వని మా అవ్వ, వాకిట్లో నిలబడి వాడకట్టంతా వినేలా 'దుమారమస్తున్నది, జల్ది క్లిప్పులు పెట్టుండ్రి!' అని అరిచేది. కాక మంచం మీద ఊగి ఊగి నవ్వాడు. "ఇంగ్లీషోడు గింత సిగ్గులేనోడా? మరి బాయిల మీ బాపును క్లిప్పు మనిషి, క్లిప్పు మనిషి అని పిలిస్తిమి, ఏమని పిలిచినట్టు?" స్వప్న "కౌగిలి మనిషి" అనగానే కాకకు నవ్వుతో పాటు దగ్గు వచ్చింది, నీళ్లు తాగించాం.

ఆ ఊపులో నా పాత మాట నోట్లోంచి దానంతట అదే వచ్చింది. "టబ్బులను కాగలిచ్చుకున్నడు కాకా, మమ్ముల ముట్టకపాయె. మాకు చక్రాలు లెవ్వు గద."

కాక నవ్వు ఆగింది. గిలాస కింద పెట్టి నా మొహంలోకి చూశాడు.

"ఎట్ల ముడ్తడే? చెయ్యి సచ్చిపాయె గద."

"ఎవ్వల చెయ్యి?"

"మీ బాపుది. నీకు ఎరుక లేదా? గిన్నేండ్లు నువ్వు ఎరుకుండే నవ్వుతున్నవనుకున్న."

కాక చెప్పాడు. నలిగిన చెయ్యి మానింది, వేళ్లు మడతపడేవి, పిడికిలి బిగిసేది, స్పర్శ మాత్రం తిరిగి రాలేదు. ఆ చేతిలో ఏదైనా ఉందో లేదో కళ్లతో చూస్తేనే ఆయనకు తెలిసేది. డాక్టరు పిడికిలి చూశాడు, లోపల ఏముందో అడగలేదు, బాపు చెప్పలేదు. "సుజాత నెలల పిల్లప్పుడు ఎత్తుకోని నాతోని ముచ్చట పెడ్తున్నడు. మొఖం నా దిక్కున్నది. పిల్ల జారింది. కింద గోనెసంచులున్నయ్ గాబట్టి బతికింది. అది ఏడ్చినంకనే ఆయనకు జారినట్టు తెలిసింది. గా దినం నుంచి ముట్టలే. ఫిట్స్ అచ్చిన నాడు నా దిక్కు ఎట్ల జూసిండో, నాకింక కండ్లల్ల ఉన్నది. ఉరుకుతుంటె చెయ్యి దిక్కు సూడరాదు గదనే. సూడకుంటె పిల్ల ఉంటదా, పడ్తదా?"

కంచం అంచున పేర్చిన ముద్దలు, వంగి చూసి తీసుకోవడం, అవ్వ మౌనం, ఒక్కోటీ వచ్చి నా ముందు కూర్చున్నాయి. వాటికంటే ముందు ఇంకొకటి వచ్చింది, నన్ను నిజంగా భయపెట్టింది.

"కాకా, గదే చెయ్యితోని క్లిప్పులు పెట్టిండా?"

"రిటైరయ్యెదాంక పెట్టిండు. టోపీ లైటు ఎలుగుల సూసుకుంట పెడుతుండె. ఎనుక నేనుంటి. ఆయన పెట్టి ఇడువంగనే నేను ఒక్క తిప్పు బిగిస్తుంటి. నేను లేనినాడు ఇంకొకడు. మా జట్టుల నలుగురికి ఎరుక. బయట ఎవ్వలకు తెల్వది."

"జారుంటే?"

"జారితే కింద ముందుగల్ల నేనే ఉంటి."

"నీకు పిల్లలు లేరా? పెండ్లాం లేదా?"

"ఉండబట్టే." ముసలాయన చక్కగా నవ్వాడు. "నేను పోతె నా కొడుక్కు నౌకరి అస్తది. మీ బాపు అన్‌ఫిట్ అయితె మీకేమొస్తది? మన్ను. గా లెక్క ఏస్కొనే నిలవడ్డం."

నేను జోకులతో బతికినదాన్ని. అది జోకా కాదా అని నాకు తెలియలేదు. చావును కూడా నౌకరి కాగితంలా మడిచి జేబులో పెట్టుకుని తిరిగిన మనుషుల చేతుల మీద నేను పెరిగాను, ఏడో తరగతి దాకా చదివాను, పెళ్లి చేసుకున్నాను. వాళ్లను తలుచుకుంటే కాళ్లు మొక్కాలనిపించింది. మరుక్షణం కోపం వచ్చింది. ఆ నలుగురికి తెలుసు సరే. వాలు కింద బొగ్గు నింపుతున్న మిగతావాళ్లను ఎవరు అడిగారు? వాళ్లకూ నా వయసు ఆడపిల్లలు ఉండి ఉంటారు. ఒక్క రోజు, ఒక్క తిప్పు తక్కువైతే మా ఇంటి అన్నం ఎవరి ఇంటి మీద పడేదో. ఈ రెండూ పక్కపక్కనే కూర్చున్నాయి నా లోపల, ఒకదాన్ని ఒకటి చూసుకోకుండా. ఇప్పటికీ అట్లాగే కూర్చుని ఉన్నాయి.

ఇప్పుడు ఆ బాయి లేదు. దాని నెత్తిన, పైనుంచే నేలను తెరిచి, ఓపెన్‌కాస్టు తవ్వుతున్నారు. బొగ్గు బెల్టు మీద పోతుంది, ఇంటంత లారీల మీద పోతుంది. కాక మనుమడు కాంట్రాక్టరు దగ్గర లారీ నడుపుతాడు. గేటు దగ్గర మిషన్ ముందు మొహం పెడితే తలుపు తెరుచుకుంటుంది. చచ్చిన చెయ్యితో ఇప్పుడు ఎవరినీ లోపలికి పోనివ్వరు, అదే సరి. పక్క లారీలో ఎవరున్నారని అడిగితే మాత్రం ఆ పిల్లగాడికి తెలియదు, వారం వారం మారతారట. నువ్వు జారితే ఎనుక ఎవ్వలుంటరురా అని అడిగాను. వాడు "జీపీఎస్ ఉంటదత్తా" అన్నాడు. వాడి తప్పు లేదు. నేనే ఇంకా ఆ వాలు దారిలో ఉండిపోయాను.

మర్నాడు పొద్దున్నే పెద్దపల్లి బస్సెక్కాను. సుజాత అక్కడ ఇంటి ముందు గదిలో జాకెట్లు కుడుతుంది. దానికి చెప్పాలి. పుట్టినప్పటి నుంచి తనంటే బాపుకు గిట్టదనే బరువు మోస్తున్న పిల్ల, నాలుగు మాటల్లో ఆ బరువు దించేయొచ్చు అనుకుంటూ దారంతా ఆ మాటలు పేర్చుకున్నాను. నేను వెళ్లేసరికి జాకెట్టుకు హుక్కులు కుడుతోంది. అది ఇచ్చిన నీళ్లు కూడా తాగకుండా మొత్తం చెప్పేశాను. అది తలెత్తలేదు.

"నాకు ఎరుకే అక్కా" అంది.

నా చేతిలోని నీళ్ల గిలాస నాకు బరువుగా తెలిసింది. "ఎప్పుడు?"

"నువ్వు అత్తగారింటికి పోయినంక. ఒకనాడు పొయ్యికాడ కూసున్నడు. నాతోని మాట్లాడుకుంట కాలుతున్న పెనం మీద చెయ్యి ఆనిచ్చిండు. వాసన అచ్చింది నాకు. ఆయనకు తెల్వలే. చెయ్యి గుంజి నీళ్లల్ల పెట్టిన. అప్పుడు చెప్పిండు. పొద్దుందాక చెప్పిండు. గోనెసంచుల ముచ్చట గూడ చెప్పిండు."

"మరి నాకెందుకు చెప్పలే?"

సుజాత దారం పంటితో తెంపింది. చెప్పాలా వద్దా అని నన్ను కాసేపు కొలతలు తీస్తున్నట్టు చూసింది.

"బాపే వద్దన్నడు. 'రాజీ మంచిదే గని దాని నోరు ఆగది. గిది గూడ నవ్వేటట్టు చెప్తది. తెల్లారెవరకు కాలనీ అంత నవ్వుతది, ఎల్లుండి ఆఫీసుల నవ్వుతరు, ఆవలి ఎల్లుండి నౌకరి పోతది' అన్నడు. ఇంక నాలుగేండ్ల సర్వీసు ఉండె. నోరు మూస్కున్న. తర్వాత గదే అలవాటైంది."

ఎవరో చెంప మీద కొట్టి, కొట్టిన చెయ్యి కనబడకుండా దాచుకున్నట్టయింది. కాదని వాదించాలని చూశాను. ఎవరితో వాదించాలి? నన్ను నేను అడిగి చూసుకున్నాను, ఆ రోజుల్లో నాకు చెప్పి ఉంటే ఏం చేసేదాన్ని అని. ఏడ్చేదాన్ని, అది నిజం. తర్వాత నల్లా దగ్గరికి పోయి చెప్పేదాన్ని. బాపు చాయ్ గిలాసను వంగి చూసే తీరు అచ్చం చేసి చూపించేదాన్ని. చాలా బాగా చేసేదాన్ని. మా ఇంట్లో అందరి గురించి నేను జోకులు వేశాను, నా గురించి సరిగ్గా తెలిసినవాడు ఆయన ఒక్కడే అని అక్కడ, ఆ కుట్టుమిషను పక్కన నాకు తెలిసింది.

సుజాత ఇంకో జాకెట్టు తీసుకుంది. హుక్కులు ఒక్కోటీ కుట్టి, గుంజి చూసి, తర్వాతదానికి పోతోంది. చివరికి అదే అడిగింది.

"రాస్తవా గిది?"

"వద్దంటే రాయను."

"రాయి అక్కా" అంది, తలెత్తకుండానే. "ఇప్పుడు ఎవ్వల నౌకరీ పోదు."